పని ఒకచోట, మనిషి ఒకచోట: బార్బడోస్‌లో పదకొండు నెలలు

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, ఈ ఎండలో ఓపికగా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నా ప్రసంగం కోసం మీరు వేయించిన ఫ్లెక్సీని గుమ్మం దగ్గర చూశాను. కొబ్బరిచెట్టు నీడన ఇసుకలో కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ అందంగానే ఉంది. అయితే వెస్టిండీస్‌లోని బార్బడోస్ ద్వీపంలో గడిపిన పదకొండు నెలల్లో నేను ఒక్కసారి కూడా లాప్‌టాప్‌ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళలేదని మొదటే చెప్పేయాలి. ఎండలో తెర మీద అక్షరం కనిపించదు, ఇసుక కీబోర్డు మీటల కింద దూరుతుంది, ఉప్పుగాలికి ఛార్జరు పిన్నుకు చిలుము పడుతుంది. నేను పనిచేసింది ద్వీపం దక్షిణ తీరాన వర్తింగ్ అనే పేటలో, ఒక అద్దె ఇంటి వంటగదిలో, ఫ్రిజ్ పక్కన వేసుకున్న బల్ల మీద.

నేను టొరంటోలో, జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేరును తయారుచేసే ఒక సంస్థలో ఉద్యోగం చేస్తాను. 2020 మార్చి నుంచి మా ఆఫీసు మూతపడి పని అంతా ఇళ్ళలోంచే నడిచింది. ఆ ఏడాది చలికాలం మొదలయ్యేసరికి, ఇరవయ్యో అంతస్తులోని ఒంటిగది ఇంట్లో, కిటికీ అవతల మంచు తప్ప మరేమీ కనిపించని రోజుల్లో, ఇదే పనిని మరోచోట కూర్చుని చేస్తే ఎవరికి నష్టమన్న ఆలోచన వచ్చింది. అదే ఆలోచన అప్పటికే బార్బడోస్ ప్రభుత్వానికి అటు వైపు నుంచి వచ్చి ఉంది. పర్యాటకుల మీద బతికే ఆ దేశంలో కోవిడ్‌తో విమానాలు ఆగిపోయాయి, హోటళ్ళు ఖాళీ అయ్యాయి. వారం పది రోజులుండి పోయేవాళ్ళు రాలేనప్పుడు ఏడాది పాటు ఉండేవాళ్ళను పిలుద్దామని, ప్రధాని మియా మోట్లీ 2020 జులైలో వెల్కమ్ స్టాంప్ అనే పథకం తెచ్చారు.

దాని షరతులు పెద్ద చిక్కయినవి కావు. ఏడాదికి కనీసం 50,000 అమెరికన్ డాలర్ల ఆదాయం ఉంటుందని రాసివ్వాలి, ఆరోగ్య బీమా చూపించాలి, ఒక్క మనిషికైతే 2,000 డాలర్లు, కుటుంబానికైతే 3,000 డాలర్లు రుసుము కట్టాలి. అప్పుడు పన్నెండు నెలలు అక్కడ ఉండి, బయటి దేశంలోని యజమానికి పని చేసుకోవచ్చు. ఆ జీతం మీద బార్బడోస్ ఆదాయపు పన్ను వేయదు, అందుకోసం అదే ఏడాది విడిగా చట్టమే చేశారు. స్థానికంగా ఉద్యోగం చేయడానికి మాత్రం వీల్లేదు. కరీబియన్‌లోని మరికొన్ని ద్వీపాలు కూడా ఇలాంటి పథకాలే పెట్టాయి. కేమన్ దీవుల వాళ్ళు ఒంటరి మనిషికే లక్ష డాలర్ల ఆదాయం అడిగారు. ఆ అంకె చూశాక నేను వాళ్ళ దరఖాస్తులో రెండో పేజీకి వెళ్ళలేదు.

2021 జనవరి చివరి వారంలో దిగాను. ద్వీపం పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23, జనాభా మూడు లక్షల లోపు. మన చిత్తూరు ఏ అక్షాంశం మీద ఉందో ఇంచుమించు దాని మీదే, 13 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందువల్ల ఆరింటికల్లా దీపాలు పెట్టుకోవడం, దారి పక్కన చింతచెట్టు, పెరట్లో బొప్పాయి, ఇవన్నీ నాకు కొత్త దేశంలా అనిపించలేదు. ముందు హోటల్లో క్వారంటైన్ అయింది. బయటికొచ్చి రోడ్డు మీద నాలుగడుగులు వేశానో లేదో, ఫిబ్రవరి 3 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. కరీబియన్ సముద్రం మా ఇంటికి మూడు వందల అడుగుల దూరంలో ఉండగా, నేను నెలరోజులు దాని చప్పుడు వింటూ స్ప్రెడ్‌షీట్లు సరిచేశాను.

ఇల్లు అద్దెకు తీసుకోవడంలో చేసిన పొరపాటు చెప్పాలి. అక్కడి డాలరు 1975 నుంచి అమెరికన్ డాలరుకు రెండు చొప్పున కట్టుబడి ఉంది. రెండింటినీ డాలరు అనే అంటారు, అంగళ్ళలో రెండూ తీసుకుంటారు. ఇంటాయన ఫోన్లో నెలకు 1,600 అన్నాడు. నేను అది బార్బడోస్ డాలర్లనుకుని, మనసులో సగం చేసుకుని, ఎంత చవక అని మురిసిపోయి సరేనన్నాను. అడ్వాన్సు కట్టేనాడు తెలిసింది, విదేశీయులకు చెప్పే అద్దె అమెరికన్ డాలర్లలోనే ఉంటుందని. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. ఉల్లిపాయలూ పాలూ కూడా టొరంటో కంటే ఖరీదే. తినేదానిలో చాలా భాగం ఓడల మీద వస్తుంది, చాలా సరుకుల మీద పదిహేడున్నర శాతం అమ్మకపు పన్ను పడుతుంది.

పని వేళల విషయంలో మాత్రం ఆ ద్వీపాన్ని మించింది లేదు. వేసవిలో బార్బడోస్ గడియారం, టొరంటో గడియారం ఒకటే. చలికాలంలో బార్బడోస్ ఒక గంట ముందుంటుంది. కాబట్టి నా పై అధికారికి నేను ఏ గదిలో కూర్చున్నానో తప్ప తేడా తెలిసేది కాదు. అదే హైదరాబాద్ జట్టుతో పనిచేసేవాళ్ళకైతే తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు మొదలయ్యే మీటింగు అక్కడ సరిగ్గా అర్ధరాత్రి. మా పై వాటాలో ఉండే ఒక బెంగళూరు కుర్రాడు అలాగే రాత్రంతా పనిచేసి, సూర్యోదయానికి సముద్రంలో ఒక మునక వేసి, మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. అతను చూసిన బార్బడోస్ వేరు, నేను చూసింది వేరు.

కరెంటు సంగతి వింతగా ఉంటుంది. ప్లగ్గులు అమెరికా తరహావి, వోల్టేజి 115, కానీ సెకనుకు సైకిళ్ళు మన దేశంలో లాగా 50. ఆ ఇంట్లో అమెరికా నుంచి వచ్చిన పొయ్యికి ఒక గడియారం ఉంది. అది 60 సైకిళ్ళను లెక్కపెట్టి నడిచేది కాబట్టి గంటకు పది నిమిషాలు వెనకబడేది. మొదటి వారం దాన్ని చూసుకుని రెండు మీటింగులకు ఆలస్యమయ్యాను. టొరంటో నుంచి తెచ్చుకున్న మిక్సీ బాగానే తిరిగింది. ఇండియా నుంచి నేరుగా 230 వోల్టుల మిక్సీ పట్టుకెళితే అది మూలుగుతుంది తప్ప పప్పు నలగదు.

తిండి దగ్గర నాకు ఇబ్బంది రాలేదు. వాళ్ళ జాతీయ వంటకంలో సగం కూకూ, మిగతా సగం ఎగిరే చేప. కూకూ అంటే బెండకాయ ముక్కలు ఉడికించిన జిగురు నీళ్ళలో మొక్కజొన్న పిండి పోస్తూ, ఉండకట్టకుండా చెక్క తెడ్డుతో తిప్పి దించేది. మన సంకటి గెలికినట్టే గెలుకుతారు, గిన్నెలో ముద్ద చేసి పళ్ళెంలో బోర్లిస్తారు. దాని మీద చేపల పులుసు లాంటిది పోసుకుంటారు. రాయలసీమ వాళ్ళెవరైనా కళ్ళు మూసుకుని తింటే, రాగులకు బదులు జొన్నలు పడ్డాయేమో అనుకుంటారు.

ఇంకో సంగతి, అక్కడ మర్యాద. అంగట్లోకి గానీ, బస్సులోకి గానీ ఎక్కగానే గుడ్ మార్నింగ్ అని పైకి అనాలి. అనకుండా బియ్యం ఎంతని అడిగితే జవాబు రాదు, వినబడనట్టు ఉంటారు. నగరాల్లో ఉండి నోరు మూసుకుపోయిన నాకు దీన్ని అలవాటు చేసుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. మూడున్నర బార్బడోస్ డాలర్లకు ద్వీపంలో ఎంత దూరమైనా బస్సు వెళుతుంది. నేను భారతీయురాలినని తెలిసిన ఒక డ్రైవరు, కెన్సింగ్టన్ ఓవల్ మైదానం పక్కగా పోతూ, 1997లో ఇక్కడే మీవాళ్ళు 120 పరుగులు కొట్టలేక 81కే కుప్పకూలారు గుర్తుందా అని అడిగాడు. ఆ 81లో రెండంకెల స్కోరు చేసింది మా హైదరాబాద్ లక్ష్మణ్ ఒక్కడే, 19 పరుగులు అని నేను చెప్పేసరికి, బస్సులో వెనక సీట్ల నుంచి కూడా నవ్వులు వినిపించాయి. 2021 ఫిబ్రవరిలో భారతదేశం వాళ్ళకు లక్ష డోసుల కోవిషీల్డ్ టీకాలు ఉచితంగా పంపింది. దానికి నా ప్రమేయం ఏమీ లేకపోయినా కూరగాయల అమ్మాయి నాకు కృతజ్ఞతగా రెండు మామిడికాయలు ఎక్కువ వేసింది.

ఇప్పుడు మా పక్కింటి పెద్దావిడ గురించి చెప్పాలి, ఎందుకంటే నేను ఈ సభలో చెప్పదలచుకున్నదంతా ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఎనభై దాటిన మనిషి. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని కంది కాయలు వొలుస్తుండేది. నీ పని ఎక్కడమ్మా అని అడిగింది. టొరంటోలో అన్నాను. మరి నువ్వు ఇక్కడున్నావేం అంది. వివరించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మా తాత పని పనామాలో ఉంటే పనామా పోయాడు, మా అన్న పని లండన్‌లో ఉంటే లండన్ పోయాడు, మా తమ్ముడి కొడుకు పని మీ ఊళ్ళోనే ఉంటే అక్కడికి పోయాడు, పని అక్కడుంచి మనిషి ఇక్కడికి రావడం నేను నిన్నే చూస్తున్నాను అంది. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

ఆ లెక్క వెనక ఉన్న చరిత్ర నాకు అప్పటికి తెలియదు. తర్వాత చదువుకున్నాను. 1640ల నుంచి ఆ ద్వీపం మొత్తం చెరకు తోటలు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చాకిరీ. 1834లో బానిసత్వం రద్దయి, 1838 ఆగస్టులో పూర్తి విముక్తి వచ్చేనాటికి సాగుకు పనికొచ్చే భూమి ఇంచుమించు అంతా తోటల యజమానులదే. విముక్తులైన వాళ్ళకు వెళ్ళడానికి చోటు లేదు. గయానా, ట్రినిడాడ్‌లలో ఖాళీ భూములుండేవి కాబట్టి అక్కడి వాళ్ళు తోటలు వదిలి వెళ్ళిపోయారు. ఆ లోటు పూడ్చడానికే గయానాకు 1838 నుంచి, ట్రినిడాడ్‌కు 1845 నుంచి ఓడల నిండా భారతీయ కూలీలను తెచ్చారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. బార్బడోస్‌కు ఆ అవసరమే పడలేదు. కదలడానికి చోటులేని కూలీలు అక్కడే ఉన్నారు గదా! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాల్ నుంచి, ఆ తర్వాత సూరత్ ప్రాంతం నుంచి వచ్చి, ఇంటింటికీ తిరిగి వాయిదాల మీద బట్టలమ్మిన ముస్లిం వర్తకులే ఆ ద్వీపానికి చేరిన తొలి భారతీయులు.

ఆ చోటులేనితనం నుంచి పుట్టిన ఇల్లే చాటెల్ హౌస్. పెద్దావిడ ఇల్లు అదే. ఇంటి స్థలం తోటది, ఇల్లు మాత్రం కూలీది. తోటలో పని పోతే స్థలం వదిలి వెళ్ళాలి కాబట్టి, ఇంటినే విప్పి బండి మీద వేసుకుని వెళ్ళేలా కట్టుకునేవారు. పునాది తవ్వరు. కొరల్ రాళ్ళను ఒకదాని మీద ఒకటి సున్నం లేకుండా పేర్చి, దాని మీద చెక్క ఇంటిని నిలబెడతారు. మధ్యలో తలుపు, అటొకటి ఇటొకటి కిటికీలు, గాలికి తట్టుకునేలా నిటారు కప్పు. గోడ పలకలు ముక్కలు ముక్కలుగా ఊడివస్తాయి. నేను వంగి ఆవిడ ఇంటి కింద చూశాను, అవతలి వీధిలో కోడి నడుస్తూ కనిపించింది. చాలాకాలంగా ఉంటున్న స్థలాన్ని కొనుక్కునే హక్కు తోటల కూలీ కుటుంబాలకు 1980లో చట్టం చేశాక గానీ రాలేదు.

మోసుకుపోగల ఇల్లున్నవాణ్ణి సంచారి అంటారు గనక, ఈ ద్వీపం మొత్తం ఒకప్పుడు సంచారులదేనని నాకు అనిపించింది. కాకపోతే వాళ్ళను కదిలించింది వాళ్ళ ఇష్టం కాదు. 1904 నుంచి పదేళ్ళపాటు పనామా కాలువ తవ్వకానికి అమెరికన్లు బార్బడోస్ నుంచి ఒప్పందం మీద తీసుకెళ్ళిన మగవాళ్ళు సుమారు 20,000 మంది. సొంతంగా వెళ్ళినవాళ్ళు అంతకు పైనే. ఆ చిన్న ద్వీపంలో అది ఎంత పెద్ద సంఖ్యో ఊహించండి. కోనసీమలో గల్ఫ్ డబ్బుతో డాబాలు లేచినట్టు, అక్కడ పనామా డబ్బుతో సెంట్ల లెక్కన భూములు కొన్నారు. 1956లో లండన్ రవాణా సంస్థ వాళ్ళు బార్బడోస్‌కే వచ్చి కండక్టర్లను, స్టేషన్ పనివాళ్ళను ఎంపిక చేసుకున్నారు. దారి ఖర్చు బార్బడోస్ ప్రభుత్వమే అప్పుగా ఇచ్చింది. పెద్దావిడ అన్న అలా వెళ్ళినవాడే. ఇప్పుడు నాలాంటివాళ్ళం 2,000 డాలర్లు కట్టి ఎదురు దిశలో వస్తున్నాం. ఇది తప్పని నేను అనడం లేదు. కానీ మా వాటా కింద ఉండే ఒక నర్సు, ఇంటాయన అద్దెను అమెరికన్ డాలర్ల రేటుకు పెంచగానే ఖాళీ చేసి వాళ్ళమ్మగారింటికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన వారంలోనే ఆ వాటాలోకి మాంట్రియల్ జంట దిగింది. వాళ్ళు చాలా మంచివాళ్ళు.

ఆ ఏడు ప్రకృతి కూడా మమ్మల్ని వదల్లేదు. ఏప్రిల్ 9న, పడమట దాదాపు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న సెయింట్ విన్సెంట్ ద్వీపంలో లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం పేలింది. బార్బడోస్ మీద గాలి ఎప్పుడూ తూర్పు నుంచే వీస్తుంది గనక మనకేం భయం లేదనుకున్నాం. అయితే బూడిద చాలా ఎత్తుకు లేచి, అక్కడ పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలుల్లో చిక్కి మా నెత్తిన పడింది. మర్నాడు పట్టపగలే కార్లు దీపాలు వేసుకుని తిరిగాయి. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కినా, లాప్‌టాప్ మూత మీద వేలితో పేరు రాయగలిగేంత పొడి పేరుకుంది. ఆ పొడి మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు, గాజు నూరినట్టు ఉంటుంది. తుడిస్తే తెర గీసుకుపోతుంది, నీళ్ళు పోస్తే సిమెంటులా పట్టేస్తుంది. విమానాశ్రయం కొన్ని రోజులు మూసేశారు. 1812లో కూడా అదే పర్వతం పేలి ఇలాగే కురిసిందట, దాన్ని అక్కడివాళ్ళు ఇప్పటికీ మే డస్ట్ అంటారు.

తర్వాత జులై 2, శుక్రవారం, ఎల్సా తుపాను వచ్చింది. 2024లో మన క్రికెట్ జట్టు అక్కడే టీ20 ప్రపంచ కప్పు గెలిచి, బెరిల్ తుపాను వల్ల హోటల్లో చిక్కుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన సిరాజ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. బెరిల్ ద్వీపానికి దక్షిణంగా తప్పుకుపోయింది. ఎల్సా తప్పుకోలేదు. 1955 నాటి జానెట్ తర్వాత బార్బడోస్‌ను నేరుగా కొట్టిన మొదటి హరికేన్ అది. నేనున్నది గోడల ఇల్లు, నాకేమీ కాలేదు. గాలి తగ్గాక తలుపు తీసేసరికి పెద్దావిడ ఇంటి కప్పు సగం లేచిపోయి మా ప్రహరీ మీద పడి ఉంది. ఆవిడ మూలగదిలో, కుర్చీలో, రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

నిజం చెబితే సిగ్గుగా ఉంటుంది గానీ చెబుతాను. ఆ క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన, కరెంటు లేదు గదా, పదింటి మీటింగు ఎలా అన్నది. ఆవిణ్ణి మా ఇంట్లోకి తెచ్చి పడుకోబెట్టాక, ఫోన్లో మిగిలిన పదిహేను శాతం ఛార్జింగుతో మా పై అధికారికి మెసేజ్ పెట్టాను. క్షేమమేనా అని వెంటనే అడిగారు. క్షేమమే అన్నాను. అయితే మధ్యాహ్నం మీటింగుకు వస్తావా అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన కిటికీ అవతల ఎండ కాస్తోంది.

వెళ్ళాలనుకునే పిల్లలు ఈ సభలో ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. మీ సంస్థ అనుమతి నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడ పన్ను లేదంటే మీ సొంత దేశంలో పన్ను పోయిందని కాదు. మన పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళు మధ్యలో విమానం మారే దేశపు ట్రాన్సిట్ వీసా సంగతి ముందే చూసుకోవాలి, చాలా మంది అక్కడే ఆగిపోతారు. వాన వస్తే ఇసుక ఒడ్డున ఎర్ర గుర్తు వేసిన చెట్టు కింద నిలబడకండి. అది మాంచినీల్. దాని ఆకుల మీంచి కారిన నీళ్ళు పడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.

నేనున్న ఏడాది నవంబరు 30న బార్బడోస్ బ్రిటిష్ రాణిని దేశాధినేత పదవి నుంచి తొలగించుకుని రిపబ్లిక్ అయింది. ఆ రాత్రి పెద్దావిడా నేనూ టీవీలో వేడుకలు చూశాం. కప్పు ఇంకా పూర్తి కాలేదు, ముందు గది మీద నీలం టార్పాలిన్ ఉంది. డిసెంబరులో నేను బయల్దేరే రోజున ఆవిడ రెండు సీసాలు తెచ్చిచ్చింది. పసుపుపచ్చటి మిరపకాయ సాస్, అందులో ఆవపిండి కలుపుతారు, మూత తీస్తే మన ఆవకాయ జాడీ తెరిచినంత ఘాటు. మూతల చుట్టూ టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, పైన పాత తువ్వాలు కప్పింది. మా అమ్మ కూడా సరిగ్గా అలాగే చుడుతుంది. తమ్ముడి కొడుక్కి ఇమ్మంది.

టొరంటోలో దిగిన వారానికి, మంచులో, ఒక బస్ డిపో గేటు దగ్గర అతన్ని కలిశాను. యూనిఫాంలో ఉన్నాడు. సీసాలు అందుకుని, టేపు విప్పకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని, అత్త ఇంటి కప్పు వేయించారా అని అడిగాడు. వెనక గది వరకు అయింది, ముందు గదికి ఇంకా రేకులు రావాలి అన్నాను. ఎన్ని రేకులు అన్నాడు. నాకు తెలుసు, రోజూ ఆ నీలం టార్పాలిన్ చూస్తూనే పనిచేశాను గదా, పన్నెండు అని చెప్పాను. అతను జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.